రొయ్యల గుంటల దగ్గర తిరిగే పాత మారుతి 800ని కరెంటు బండి చేసుకోవడం ఎలా

ముందు ఒక్కటి తేల్చుకోండి. ఈ బండి రోడ్డెక్కాలా, మీ కంచె లోపలే తిరిగితే చాలా? ఈ రెండూ పూర్తిగా వేరు వేరు పనులు. రోడ్డు మీదైతే, విడి సామాను కొనుక్కొచ్చి ఇంట్లో బిగించిన బండిని, మీరెంత బాగా బిగించినా సరే, చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అనుమతి లేకుండా బండి స్వరూపం మార్చకూడదు. బండిని కరెంటుకి మార్చే కిట్‌కి ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం పుణేలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి వాహనాల పరీక్ష సంస్థల ఆమోదం ఉండాలి. అదీ మీ మోడల్‌కి ఉండాలి, వాళ్లు ఒప్పుకున్న వర్క్‌షాపులోనే బిగించాలి. ఆ తర్వాత ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీ మార్పించుకుని, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పాలి. నెల్లూరు నుంచి కావలికో ఒంగోలుకో హైవే మీద పోదామనుకునేవాళ్లకి అదొక్కటే దారి, కింద రాసింది వాళ్ల కోసం కాదు.

నేను రాసేది రెండో రకం వాళ్లకి. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు, అటు కొత్తపట్నం వైపు రొయ్యల గుంటలున్నవాళ్లకి గట్ల మీద మేత బస్తాలు మోయడానికో, రాత్రి నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసి రావడానికో ఒక బండి కావాలి. వేగం అక్కర్లేదు, ముప్ఫై కిలోమీటర్ల స్పీడు దాటితే గట్టు మీంచి గుంటలోకే. ఇలాంటి పనికి పాత మారుతి 800ని మించిన బండి లేదు. బరువు 650 కిలోల చుట్టూ ఉంటుంది, చుట్టూ తిరిగి చూస్తే దాచిపెట్టినట్టు ఏదీ ఉండదు, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. 2014 దాకా తయారైంది కాబట్టి బాడీ బాగున్నవి ఇంకా ఉన్నాయి. కార్బురేటర్ మోడల్ దొరికితే వైరింగ్ ఇంకా సులువు. తీసుకునే ముందు ఇంజన్ ఎలా ఉందో చూడకండి, దాంతో మనకేం పని, కార్పెట్ ఎత్తి అడుగు రేకు చూడండి. ఉప్పుగాలికి రేకు తినేసి ఉంటే ఆ బండి వద్దు.

విప్పేటప్పుడు మొదట పెట్రోల్ ట్యాంకు సంగతి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదం, లోపల ఆవిరి నిలిచి ఉంటుంది. ట్యాంకు, పైపులు పూర్తిగా దించి దూరంగా పెట్టేదాకా ఆ బండి మీద గ్రైండర్ గానీ వెల్డింగ్ గానీ పెట్టనివ్వకండి, మేస్త్రీ ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే. తర్వాత ఇంజన్, సైలెన్సర్, రేడియేటర్ దించేయండి. గేర్‌బాక్స్, డ్రైవ్ షాఫ్టులు అలాగే ఉండాలి. క్లచ్ ప్లేటు మాత్రం పారేయకండి, దాంతో పని ఉంది.

మోటారు సంగతి. 800 ఇంజన్ 37 హార్స్‌పవర్, అంటే 27 కిలోవాట్లు, అంత మనకి అక్కర్లేదు. గట్ల మీద తిరగడానికి 72 వోల్టుల మీద నడిచే 5 కిలోవాట్ల మోటారు, ఎత్తు ఎక్కేటప్పుడు కాసేపు 10 దాకా ఇచ్చేది సరిపోతుంది. దానికి జోడీ కంట్రోలర్, అంటే మోటారుకి ఎంత కరెంటు పోవాలో చూసే పెట్టె, అదే అమ్మేవాడి దగ్గర తీసుకోండి. వేరే చోట కొంటే రెంటికీ పడక మీరు మధ్యలో నలిగిపోతారు.

ఇప్పుడు అసలు పని, మోటారుని గేర్‌బాక్స్‌కి కలపడం. చాలామంది బ్యాటరీ గురించి టెన్షన్ పడతారు గానీ బండి పాడయ్యేది ఇక్కడే. క్లచ్ ప్లేటు మధ్యలో పళ్లున్న బొడ్డు ఉంటుంది చూడండి, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు మీద కూర్చునేది అదే. దాన్ని కోసి, మోటారు షాఫ్టుకి సరిపోయే కప్లర్‌కి కలిపి లేత్ మీద తిప్పించాలి. మోటారుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య అడాప్టర్ ప్లేటు కావాలి, 12 మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే నయం. బండిని తోలుకుపోవాల్సిన పని లేదు, గేర్‌బాక్స్, మోటారు, క్లచ్ ప్లేటు ఆటోలో వేసుకుని నెల్లూరు ఆటోనగర్‌లో మంచి లేత్ షాపుకి పట్టుకెళ్లండి. "ఏంది అబ్బయా, కారుకి ఫ్యాన్ మోటారు పెడతా ఉండావా?" అని నవ్వుతారు, నవ్వనీండి. మీరు పట్టు పట్టాల్సింది ఒక్క దాని మీదే: బిగించాక షాఫ్టుకి డయల్ గేజ్ పెట్టి చేత్తో తిప్పించి చూడండి. ముల్లు 0.05 మిల్లీమీటర్ కంటే ఎక్కువ ఊగకూడదు. "కంటికి సరిగ్గానే ఉందన్నా" అంటే ఒప్పుకోవద్దు. కంటికి కనపడని ఆ తేడాకే బేరింగులు అరుగుతాయి, ఆయిల్ సీలు కారుతుంది. రివర్స్‌కి గేర్‌బాక్స్‌లో ఉన్న రివర్స్ గేరే వాడండి, కంట్రోలర్‌లో రివర్స్ ఆప్షన్ ఆపేయండి. రెండూ ఉంటే రాత్రిపూట ఎవరో ఒకరు రెండూ కలిపి వేస్తారు, బండి ముందుకు పోతుంది.

బ్యాటరీకి ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్సే తీసుకోండి, మన వేడికి మిగతా లిథియం రకాలకంటే ఇవి భద్రం. ఒక్కో సెల్ 3.2 వోల్టులు, 24 వరసగా కలిపితే 76.8. వంద ఆంపియర్-అవర్ల సెల్స్ అయితే మొత్తం 7.7 యూనిట్లు, బరువు యాభై కిలోల చుట్టూ ఉంటుంది. చిన్న కారు మంచి దారిలో కిలోమీటరుకి వంద వాట్-అవర్లు తింటుంది కాబట్టి ఛార్జ్‌లో ఇరవై శాతం మిగిల్చుకున్నా అరవై కిలోమీటర్లు రావాలి. బురద గట్ల మీద అంత రాదు, నలభై అనుకుని లెక్క వేసుకోండి. సెల్స్ వచ్చాక ఒక్కోదాన్నీ మల్టీమీటర్‌తో చూసి, అన్నీ సమానంగా పారలల్‌లో (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలిపి 3.65 వోల్టుల దాకా ఛార్జ్ చేసి, ఆ తర్వాతే సిరీస్ కట్టండి. దీనికి రోజులు పడుతుంది, ఓపిక పట్టండి. పైన 24 సెల్స్‌కి సరిపోయే బీఎంఎస్, అంటే సెల్స్‌ని కాపాడే సర్క్యూట్, తప్పనిసరి, అది లేకుండా నడుపుతామనేవాళ్లతో వాదించి లాభం లేదు.

సిరీస్ కట్టేటప్పుడు ఉంగరాలు, గొలుసు, కడియం అన్నీ తీసేయండి. స్పానర్ పిడికి టేపు చుట్టండి. నిండు ఛార్జ్‌లో ఈ బ్యాటరీ 87 వోల్టులు దాటుతుంది, డీసీ 60 దాటితే చాలు, మనిషికి ప్రమాదం. స్పానర్ జారి రెండు టెర్మినల్స్ మీద పడితే షాక్ సంగతి తర్వాత, స్పానర్ కరిగిపోతుంది.

బ్యాటరీ బాక్సుని వెనక సీటు తీసేసి అక్కడ, ఫ్లోర్ కంటే ఎత్తులో కూర్చోబెట్టండి. ట్యాంకు ఉన్న చోటు కింద ఖాళీగా కనిపిస్తుంది గానీ ఆశపడకండి. 2021 నవంబర్‌లో పెన్నా వరదకి పడుగుపాడు దగ్గర హైవేనే కోసుకుపోయింది, మన గట్టు ఎంత. అసలు వరద దాకా ఎందుకు, గుంటలోది ఉప్పునీరు, ఒక్కసారి లోపలికి పోయిందంటే కరెంటుని బాగా మోస్తుంది. సెల్స్ మధ్య ఫైబర్ షీట్ పెట్టి, కదలకుండా రెండు వైపులా ప్లేట్లతో బిగించండి. కేబుల్ చివర తొడిగే లగ్గులు టిన్ పూత ఉన్నవే కొనండి, హైడ్రాలిక్ క్రింపింగ్ (మిషన్‌తో నొక్కి బిగించడం) చేయించి పైన గ్రీజు రాయండి.

వైరింగ్‌లో మూడు సంగతులు. 35 స్క్వేర్ మిల్లీమీటర్ల రాగి కేబుల్ వాడండి, బ్యాటరీకి దగ్గర్లోనే 200 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి, అది డీసీకి రాసి ఉన్నదే అయ్యుండాలి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ ఇక్కడ పనికిరాదు. ఏసీ సెకనుకి వంద సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్విచ్ తెంచినప్పుడు లేచే మెరుపు, అదే ఆర్క్, ఆరుతుంది, డీసీ రాదు, అందుకని ఆర్క్ వెలుగుతూనే ఉంటుంది. ఇంకోటి ప్రీఛార్జ్. కంట్రోలర్ లోపల పెద్ద కెపాసిటర్లు ఉంటాయి, బ్యాటరీ కరెంటుని కలిపి తెంచే పెద్ద స్విచ్, అదే కాంటాక్టర్, ఒక్కసారిగా పడితే వాటిలోకి కరెంటు దూకి "టప్" మని శబ్దం వస్తుంది, అలా కొన్నాళ్లకి కాంటాక్టులు అతుక్కుపోతాయి, అప్పుడు తాళం తీసినా బండి ఆగదు. కాంటాక్టర్‌కి అడ్డంగా వంద ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టర్ ఒక స్విచ్ ద్వారా పెట్టి, ఓ ఐదు సెకన్లు ముందు దాని గుండా ఛార్జ్ అవనిచ్చి, ఆ తర్వాత కాంటాక్టర్ వేయండి. డాష్‌బోర్డు మీద చేతికందేలా ఎమర్జెన్సీ స్విచ్ ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. లైట్లు, హారన్, వైపర్‌కి 72 నుంచి 12 వోల్టులిచ్చే కన్వర్టర్ పెట్టుకుంటే చాలు.

బ్రేకుకి బూస్టర్ ఉన్న మోడల్ అయితే జాగ్రత్త. దానికి వాక్యూమ్ ఇచ్చేది ఇంజనే, ఇంజన్ పోయాక పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. పన్నెండు వోల్టుల వాక్యూమ్ పంపు వేయించండి.

ఛార్జింగ్‌కి ఇంట్లో 16 ఆంపియర్ల సాకెట్, మంచి ఎర్తింగ్ చాలు, రెండు కిలోవాట్ల ఛార్జర్‌తో నాలుగైదు గంటలు పడుతుంది. రోహిణి కార్తె ఎండల్లో మధ్యాహ్నం రేకుల షెడ్డులో పెట్టకండి, తెల్లవారుజామున పెట్టుకోండి. ఒక మాట, ఆక్వా మీటరు నుంచి కారు ఛార్జ్ చేయొద్దు. అది గుంటలకిచ్చిన రాయితీ కరెంటు, వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద బిల్లు వేస్తారు, ఆ బిల్లు పెట్రోల్ ఖర్చుని దాటిపోతుంది.

మొదటిసారి తిప్పేటప్పుడు ముందు చక్రాలు జాకీల మీద లేపి, కంట్రోలర్‌లో కరెంటు పరిమితి బాగా తగ్గించి చూడండి. చక్రం వెనక్కి తిరిగితే మాన్యువల్ చూసి సెట్టింగులో దిశ మార్చండి, ఫేజ్ వైర్లు తోచినట్టు మార్చేసి మోటారు ఎటు తిరుగుతుందో కంట్రోలర్‌కి చెప్పే హాల్ సెన్సర్‌తో తగాదా తెచ్చుకోవద్దు. తర్వాత ఖాళీ బండిని సెకండ్ గేర్‌లో మెల్లగా నడిపి, దిగి, కేబుల్ లగ్గుల మీద చెయ్యి పెట్టకుండా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. ఏదో ఒక్క లగ్గు మిగతావాటికంటే వేడిగా ఉంటే ఆ క్రింపింగ్ సరిగా పడలేదని అర్థం, కోసేసి మళ్లీ చేయించాలి. వారం తర్వాత అడాప్టర్ బోల్టులు, మౌంటింగ్ బోల్టులు మళ్లీ బిగించండి, వాన పడిన ప్రతిసారీ ఇంకోసారి చూసుకోండి.