మన చేత్తో మాడ్యులర్ సింథ్ – 3వ పాఠం: ఎర్ర గీత ఎటు ఉంది?

పోయిన పాఠంతో మన సింథ్‌కి (విడివిడి మాడ్యూళ్ళని తీగలతో కలిపి ధ్వని పుట్టించే ఎలక్ట్రానిక్ వాయిద్యం) చెక్క పెట్టె అయిపోయింది. పర్లాకిమిడిలో మా వడ్రంగికి పెట్టె వెడల్పు 84 హెచ్‌పీ అంటే అర్థం కాలేదు. ఒక హెచ్‌పీ 5.08 మిల్లీమీటర్లు, మొత్తం 427 మిల్లీమీటర్లు అని చెప్తే వెంటనే గీత గీసేశాడు. పాతపట్నం, గుణుపురం, బరంపురం, ఎక్కడున్నా వడ్రంగికి మిల్లీమీటర్లే చెప్పండి. యూరోరాక్ అనే ఈ పద్ధతి 1990ల మధ్యలో జర్మనీలో డోప్ఫర్ కంపెనీ ఎ-100 సింథ్‌తో మొదలైంది, మిగతావాళ్ళూ అదే కొలత పట్టుకున్నారు కాబట్టి, ప్యానెల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు అన్న కొలత ఏ కంపెనీ మాడ్యూల్‌కైనా సరిపోతుంది.

ఈరోజు కరెంటు సంగతి. అన్ని పాఠాల్లోకీ దీన్నే నిదానంగా చదవమంటాను.

ముందు లెక్క. ప్రతి మాడ్యూల్ +12 వోల్టుల మీద ఎన్ని మిల్లీ ఆంపియర్లు, -12 మీద ఎన్ని తీసుకుంటుందో దాని కాగితంలో ఉంటుంది. రెండూ విడివిడిగా కూడండి. +12 మీద 300 వచ్చిందనుకోండి, పెట్టెకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై కనీసం 400 ఇవ్వగలగాలి. సరిగ్గా 300 ఇచ్చేది కొనకండి, వేడెక్కిపోతుంది.

ఇక మాడ్యూల్‌కి కరెంటు తెచ్చే రిబ్బన్ కేబుల్. బూడిద రంగు తీగల్లో అంచున ఒక్కటే ఎర్రది, అది -12 వైపు. మాడ్యూల్ వెనక బోర్డు మీద "-12" అనో, "రెడ్ స్ట్రైప్" అనో అచ్చు వేసి ఉంటుంది, ఎర్ర తీగ అక్కడికే రావాలి, అవతల బస్ బోర్డు (సప్లై నుంచి మాడ్యూళ్ళన్నిటికీ కరెంటు పంచేది) మీద కూడా అంతే. పది పిన్నుల సాకెట్‌లో ఒక చివర రెండు -12, మధ్యలో ఆరు గ్రౌండ్, రెండో చివర రెండు +12. అంటే తిరగేసి గుచ్చితే ప్లస్సు మైనస్సు తారుమారవుతాయి. చుట్టూ ప్లాస్టిక్ గోడ లేని పిన్నులైతే ఒక వరస పక్కకి జరిగిపోవడం కూడా ఉంది, అదీ ప్రమాదమే. నా మొదటి ఫిల్టర్ మాడ్యూల్ అలాగే పోయింది. రాత్రి పదకొండింటికి తొందర, బల్బు వెలుతురు చాల్లేదు, స్విచ్ వేసిన రెండు సెకన్లకి కాలిన వాసన. రెండు నెలలు దాచిన డబ్బు అది. అందుకే చెప్తున్నాను, గుచ్చాక ఫోన్ టార్చి వేసి రెండు చివరలూ చూడండి, స్విచ్ వేయండి, దీపం వెలిగిందా చూసి ఆపండి, అప్పుడే రెండో మాడ్యూల్. మన దగ్గర ఎండాకాలం గాలివానకి కరెంటు పోయి పోయి వస్తుంటుంది కదా, అలాంటప్పుడు నిలకడగా వచ్చేదాకా స్విచ్ ఆపే ఉంచండి.

ముందువైపు మాడ్యూళ్ళని ఒకదానితో ఒకటి కలిపే ప్యాచ్ తీగలకి ఇంత టెన్షన్ అక్కర్లేదు, కరెంటు ఉండగానే తీసి పెట్టుకోవచ్చు. రెండు అవుట్‌పుట్‌లని మాత్రం ఒకదానికొకటి కలపకండి.

ఇప్పుడు ఆసిలేటర్ (ధ్వని పుట్టించే మాడ్యూల్) రంపపు అలని ఫిల్టర్‌లోకి, ఫిల్టర్‌ని వీసీఏలోకి (ధ్వని ఎంత బిగ్గరగా రావాలో చూసే మాడ్యూల్), అక్కడి నుంచి అవుట్‌పుట్ మాడ్యూల్‌లోకి. వీసీఏ నాబ్ కొంచెం తెరవండి. ఆంప్లిఫయర్ వాల్యూమ్ సున్నా దగ్గర మొదలుపెట్టండి, ఎందుకంటే లోపల తిరిగే సిగ్నల్ సుమారు పది వోల్టుల ఊపు, మామూలు ఆడియో లైన్ కన్నా చాలా ఎక్కువ. ఫిల్టర్ కటాఫ్ నాబ్ (ఎంత పై ధ్వనుల దాకా వదలాలో చెప్పేది) మెల్లగా తగ్గించండి. రథయాత్ర రోజుల్లో నాలుగు వీధుల అవతలి బాక్సుల నుంచి దుమ్ దుమ్ ఒక్కటే వినపడుతుంది చూశారా, అలా పై సన్న ధ్వనులన్నీ ఒక్కొక్కటే రాలిపోతాయి. ఈ ఒక్క నాబ్‌తో నేను గంటసేపు కూర్చున్నాను, మీరూ కూర్చోండి.

నాలుగో పాఠం లోపు చేయాల్సింది ఒకటుంది. సింథ్‌ని ఇరవై నిమిషాలు వేడెక్కనివ్వండి. శ్రుతిపెట్టె పెట్టి, రెండు ధ్వనుల మధ్య అలలు ఆగేదాకా ఆసిలేటర్‌ని షడ్జమంలో కలపండి. తర్వాత ఆఫ్‌సెట్ మాడ్యూల్ (మారకుండా నిలిచే వోల్టేజీ ఇచ్చేది) నుంచి సరిగ్గా ఒక వోల్టు తీయండి (ప్యాచ్ తీగ రెండో చివరన ఉన్న ప్లగ్గు కొసన మీటర్ ఎర్ర మొన, అదే ప్లగ్గు మొదట్లోని లోహం మీద నల్ల మొన పెట్టి కొలవండి), ఆసిలేటర్ పిచ్ ఇన్‌పుట్‌కి ఇవ్వండి. పై షడ్జమం రావాలి. స్థాయికి పన్నెండు స్వరస్థానాలు కాబట్టి ఒక్కోదానికి సుమారు 83 మిల్లీవోల్టులు. పై షడ్జమం పలక్కుండా కొంచెం తక్కువగానో ఎక్కువగానో నిలబడితే ఆసిలేటర్ వెనక ఉన్న స్కేల్ ట్రిమ్మర్‌ని (శ్రుతి సరిచేసే చిన్న స్క్రూ) వెంట్రుకవాసి తిప్పి మళ్ళీ వినండి.