డెక్ పలకల మీద బూజు: వదిలించడం, మళ్లీ రానివ్వకపోవడం

బెంగళూరులో జూన్‌లో పట్టిన ముసురు అక్టోబరు దాకా వదలదు. నీడపట్టున ఉన్న బాల్కనీ డెక్ మీద నల్లచుక్కలు తేలేది ఆ నెలల్లోనే. "డబ్ల్యూపీసీకి బూజు పట్టదండీ" అని అమ్మేవాళ్లు చెప్పేది సగమే నిజం. డబ్ల్యూపీసీ అంటే వుడ్ ప్లాస్టిక్ కాంపోజిట్, ఆ పలకలో ప్లాస్టిక్‌తో పాటు కొయ్యపొట్టు ఉంటుంది. చుట్టూ ప్లాస్టిక్ తొడుగున్న రకంలో బూజు పొట్టుదాకా పోలేదు గానీ, పైన పేరుకున్న దుమ్మూ పుప్పొడీ తిని బతికేస్తుంది. తొడుగు లేని రకంలోనైతే పొట్టే దానికి మేత.

ముందు అది బూజేనా, మట్టా తేల్చుకోండి. ఓ మూల మచ్చ మీద క్లోరిన్ బ్లీచ్ ఒక్క చుక్క వేసి రెండు నిమిషాలు ఆగండి. తెల్లబడితే బూజు, నల్లగానే ఉంటే మట్టి. చూడగానే కడిగేయండి, లేకపోతే పలక రంగు కూడా పోతుంది.

చాలామంది పైపైన రుద్ది వదిలేస్తారు, నెల తిరక్కుండానే మచ్చలు మళ్లీ వస్తాయి. అసలు పని సందుల్లో ఉంది. పలకకూ పలకకూ మధ్య ఉండే 5, 6 మిల్లీమీటర్ల సందులో కానుగ పూలూ ఆకులూ పడి కుళ్లిపోతాయి. ప్లాస్టిక్ పుట్టీ బ్లేడు దూర్చి లాగితే తడిసిన కాఫీ పిప్పిలాంటి ముద్ద బయటికొస్తుంది, ఒక్కోసారి దాంట్లో రావి మొలక కూడా. ఆ ముద్ద ఉన్నన్నాళ్లూ పలక అంచు ఆరదు. ఇనుప బ్లేడు మాత్రం వద్దు, తొడుగు గీరుకుపోతుంది.

ఇక కడగడం. ఆక్సిజన్ బ్లీచ్ అని అమ్మే సోడియం పెర్కార్బొనేట్ పొడి 100 గ్రాములు, 5 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో కలపండి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. కుండీలు పక్కకు జరిపి, ఎండెక్కకముందే మొదలుపెట్టండి. కలిపిన నీళ్లు పోసి 15, 20 నిమిషాలు నాననివ్వాలి. మధ్యలో ఆరుతున్నట్టుంటే కాసిని నీళ్లు చిలకరించండి. తర్వాత మెత్తటి నైలాన్ బ్రష్‌తో గాడుల వెంటే రుద్దండి. అడ్డంగా రుద్దితే మురికి గాడిలోనే కూర్చుంటుంది. రెండుసార్లు కడిగి వైపర్‌తో లాగేయండి. బోరు నీళ్లు వాటంతటవే ఆరితే తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి, అదింకో తలనొప్పి. మిగిలిన బ్లీచ్ నీళ్లు సీసాలో పోసి మూత బిగించకండి, లోపల గ్యాస్ పుట్టి సీసా పగులుతుంది. ఎలాగూ కొన్ని గంటల్లో వాటి పస పోతుంది.

బ్లీచింగ్ పౌడరు జోలికి వెళ్లకండి: రంగు అక్కడక్కడా వెలిసిపోతుంది, స్క్రూలు తుప్పు పడతాయి. దాని మీద టాయిలెట్ యాసిడ్ పడిందంటే విషవాయువే, పనామెకు కూడా ఈ మాట చెప్పి ఉంచండి. ప్రెషర్ వాషర్ వాడితే నీరు విసనకర్రలా విచ్చుకునే నాజిల్ పెట్టి, కనీసం అడుగు దూరం నుంచి కొట్టండి.

మన ఇళ్లలో బూజు మొదలయ్యే చోట్లు వేరే ఉన్నాయి. రోజూ నీళ్లు పోసే తులసి కుండీ కింద నల్ల వలయం కడుతుంది. కుండీని అంగుళం ఎత్తు స్టాండు మీద పెడితే కింద గాలాడుతుంది. బియ్యప్పిండి ముగ్గు వానకు సందుల్లోకి జారితే బూజుకు విందుభోజనమే, డెక్ మీద రాతిముగ్గు చాలు. కార్తీకంలో దీపాల కింద పళ్లెం పెట్టండి. నూనె ఒలికితే గిన్నెలు తోమే సబ్బునీళ్లతో ఆ రోజే కడగండి. రబ్బరు మ్యాట్లు తీసేయండి.

ఇంత చేసినా తిరిగొస్తోందంటే లోపం అడుగున ఉంది. పలకల కింది దూలాలు నేల వాలుకు అడ్డంగా వేస్తే నీళ్లు వాటి వెనక నిలిచిపోతాయి. దూలాలు నీళ్లు బయటికి పోయే జాలీ వైపు వాలు వెంటే సాగాలి. కొత్తగా వేయించుకునేవాళ్లు జాలీ మీది పలకను విడిగా స్క్రూలతో బిగించమని మేస్త్రీకి ముందే చెప్పండి. అన్నీ క్లిప్పులతో బిగించేస్తే, జాలీ మూసుకుపోయిన రోజున చివరి పలక నుంచి ఒక్కొక్కటీ విప్పుకుంటూ రావాలి.