సర్టిఫికెట్ మార్చినా హెచ్చరిక పోకపోతే

వెబ్‌సైటు భద్రతా (HTTPS) సర్టిఫికెట్‌ను పునరుద్ధరించాక కూడా బ్రౌజర్ గడువు తీరిందనే చెబుతుంటే, కంగారుపడి మళ్లీ మళ్లీ కొత్తది తెప్పించకండి. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సరిగ్గా అవే డొమైన్ పేర్లకు వారానికి 5 మాత్రమే ఇస్తుంది. అవి అయిపోతే నిజంగా ఇరుక్కుపోతారు. డిస్కులో కొత్త ఫైలు ఉన్నా, వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ (nginx) తన మెమరీలో ఉన్న పాతదాన్నే చూపిస్తూ ఉంటుంది. దాన్ని రీలోడ్ చేస్తే చాలు, నడుస్తున్న కనెక్షన్లు తెగవు. ఈ రీలోడ్ ఆదేశాన్ని సర్టిఫికెట్లను పునరుద్ధరించే సాధనం సర్ట్‌బాట్ (certbot) డిప్లాయ్ హుక్‌లో పెట్టేయండి. ప్రతి పునరుద్ధరణ తర్వాత అదే నడుస్తుంది.

కంప్యూటర్‌లో సైటు బాగానే తెరుచుకుని, ఫోను యాప్‌లోనో కర్ల్ (curl) అనే కమాండ్ సాధనంలోనో మాత్రం తిరస్కరిస్తోందా? అయితే చాలావరకు మధ్యస్థ సర్టిఫికెట్‌ను, అంటే మీ సర్టిఫికెట్‌ను నమ్మకమైన మూల సర్టిఫికెట్‌తో కలిపేదాన్ని, సర్వర్ పంపడం లేదన్నమాట. చాలా బ్రౌజర్లు దాన్ని తామే తెచ్చుకుని లోపాన్ని కప్పేస్తాయి, అందుకే ఇది అంత తొందరగా బయటపడదు. ఎన్‌జిన్‌ఎక్స్ కాన్ఫిగరేషన్‌లో మీ సర్టిఫికెట్ ఒక్కటే ఉండే సర్ట్ ఫైలు (cert.pem)కు బదులు, మధ్యస్థం కూడా ఉండే ఫుల్‌చెయిన్ ఫైలు (fullchain.pem) దారి ఇవ్వండి. తర్వాత బ్రౌజర్‌ను నమ్మకుండా ఓపెన్‌ఎస్ఎస్ఎల్ (openssl) కమాండ్ సాధనంతో సర్వర్‌నే అడగండి: గడువు తేదీ, సర్వర్ పంపే సర్టిఫికెట్ల గొలుసు రెండూ అందులో కనిపిస్తాయి.

ఒక్క యంత్రంలోనే తప్పు చూపిస్తుంటే, ముందు దాని గడియారం (తేదీ, సమయం) సరిచూడండి; గడువు తీరిందో లేదో దాన్ని బట్టే లెక్కిస్తుంది.