రైల్స్ ట్యూబ్‌లో ఫీడ్ ఎలా ఇవ్వాలి?

పక్షవాతంతో మింగడం పోయిన మనిషిని ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టంతో, అంటే రైల్స్ ట్యూబ్‌తో, ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జ్ కాగితం మీద "ఆర్.టి. ఫీడ్స్ 200 మి.లీ., రెండు గంటలకోసారి" అని ఒక్క లైను ఉంటుంది. ఆర్.టి. అంటే రైల్స్ ట్యూబ్, ఫీడ్ అంటే అందులో పోసే పల్చటి ఆహారం. ఎలా ఇవ్వాలో వార్డులో సిస్టర్ ఒకసారి చూపిస్తుంది. చూసేది ఆ పూట ఆసుపత్రిలో ఉన్న కొడుకు. ఇంటికొచ్చాక రోజూ పోయాల్సింది కోడలు. కొడుకు చెప్పింది, పక్కింటివాళ్ళు చెప్పింది, ఫోన్‌లో వీడియో చూసి నేర్చుకున్నది అన్నీ కలిపి ఆమె తంటాలు పడుతుంది.

పోయడంలో నిజానికి పెద్ద విద్యేమీ లేదు. పోసే ముందు గొట్టం కొస కడుపులోనే ఉందా అని చూడాలి. అక్కడే అందరూ తప్పుతున్నారు. ఇంటివాళ్ళనే కాదు, కొత్తగా డ్యూటీలో చేరిన నర్సులనీ, హోమ్ కేర్‌కి వచ్చే అమ్మాయిలనీ కలిపే చెబుతున్నాను. కాబట్టి కింద సగం వ్యాసం ఆ ఒక్క పని గురించే ఉంటుంది. విసుక్కోకండి.

గొట్టం వేయడం గురించి ఇక్కడ రాయడం లేదు. అది ఇంట్లో చేసే పని కాదు. ఊడిపోతే దాన్నే కడిగి మళ్ళీ ముక్కులోకి తోసేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఊడితే ఊడనివ్వండి, ఆ పూట ఫీడ్ ఆపి నర్సునో డాక్టరునో పిలవండి. ఇన్సులిన్ తీసుకునే పేషెంటయితే, ఫీడ్ ఆగిందని డాక్టరుకు వెంటనే ఫోన్ చేసి ఇన్సులిన్ సంగతి అడగండి.

కావాల్సినవి

50 మి.లీ. సిరంజి, మొన వెడల్పుగా ఉండేది. టార్చి. చెరగని మార్కర్ పెన్ను. ప్లాస్టర్. పీహెచ్ స్ట్రిప్పులు, అంటే ఆమ్లం ఎంతుందో రంగు మారి చూపే కాగితం ముక్కలు. కాచి చల్లార్చిన నీళ్ళు. మూత ఉన్న స్టీలు గ్లాసు, కొలతకి. ఇంతే. మెడికల్ షాపువాళ్ళు ఫీడింగ్ బ్యాగు కూడా అంటగడతారు, వద్దు. ఇంట్లో చేసిన జావ ఆ సన్నటి పైపులో పావుగంటకే పేరుకుంటుంది. దాన్ని సరిగ్గా కడిగేవాళ్ళను నేనింతవరకు చూడలేదు.

ఫీడ్ ఏమిటన్నది డైటీషియన్ చెప్పినట్టు. పాలు, పెసరకట్టు, పల్చటి రాగి జావ, ఉడికించి మిక్సీ పట్టిన అన్నం-పప్పు, ఏదైనా సరే పల్చటి బట్టలోనే వడగట్టాలి. టీ వడపోత పనికిరాదు. అందులోంచి జారే పప్పు పొట్టు చాలు గొట్టం మూసుకుపోవడానికి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి కొబ్బరినీళ్ళు ఎవరో మంచిదన్నారని పోయకండి, వాటిలో పొటాషియం ఎక్కువ. పొద్దున చేసిన జావ బయట ఉంచి మధ్యాహ్నం పోయడం మన వేసవిలో అసలు కుదరదు. ఏ పూటకాపూట చేయండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టి, పోసే ముందు గిన్నెను వేడినీళ్ళలో ఉంచి గోరువెచ్చగా చేయండి.

కూర్చోబెట్టడం

చేతులు సబ్బుతో కడుక్కోండి. పేషెంటును నడుం దగ్గర్నుంచి లేపి వెనక దిండ్లు పెట్టండి. తల ఒక్కటే లేపితే మెడ వంగుతుంది తప్ప వీపు లేవదు. పడక నుంచి వీపు 30 నుంచి 45 డిగ్రీలు లేచి ఉండాలి, కూర్చోగలిగితే ఇంకా మంచిది. కఫం తీసేదున్నా, వీపు తట్టేదున్నా, డైపర్ మార్చేదున్నా ముందే కానిచ్చేయండి. కడుపు నిండాక మనిషిని అటూ ఇటూ దొర్లిస్తే వాంతి అవుతుంది.

గొట్టం ఎక్కడుంది?

ఈ గొట్టాన్ని 1920ల్లో జాన్ ఆల్ఫ్రెడ్ రైల్ అనే ఇంగ్లీషు డాక్టరు తయారుచేశాడు. ఫీడ్ పోయడానికి కాదు, కడుపులోని రసం బయటికి తీసి పరీక్షించడానికి. మనం ఆ మొదటి పని మర్చిపోయి రెండోది మాత్రం పట్టుకున్నాం. తీసి చూడందే పోయకూడదు, ఒక్కసారి కూడా.

గొట్టం మొదటిరోజు ఎక్స్‌రేలో సరిగ్గానే ఉండి ఉంటుంది. ఎక్స్‌రే ఆ గంటకి మాత్రమే సాక్ష్యం. తర్వాత పేషెంటు దగ్గుతాడు, వాంతి చేసుకుంటాడు, నిద్రలో చెయ్యి తగిలి లాక్కుంటాడు, చెమటకి ప్లాస్టర్ వదులవుతుంది. కొస పైకి జారి అన్నవాహికలో ఆగిందనుకోండి, పోసిన పాలు గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గాలిగొట్టంలోకే దారితప్పి ఉంటే నేరుగా అక్కడికే పోతాయి. "అలా అయితే దగ్గు రాదా సిస్టర్, పొలమారదా?" అని అడుగుతారు. మనకైతే వస్తుంది. పక్షవాతం వచ్చిన మనిషికీ, మగతలో ఉన్న మనిషికీ గొంతులో ఆ కాపలా పడిపోయి ఉంటుంది. దగ్గు లేకుండానే 200 మి.లీ. లోపలికి పోవచ్చు. జ్వరం, ఆయాసం కాసేపాగాక మొదలవుతాయి. దగ్గు వస్తే ప్రమాదమని తెలుసుకోండి, రాకపోతే క్షేమమని మాత్రం అనుకోకండి.

ప్రతి ఫీడ్‌కి ముందు మూడు చూడాలి. మూడూ, ఇదే వరసలో.

మొదటిది గుర్తు. రైల్స్ ట్యూబ్ మీద 50, 60, 70 సెంటీమీటర్ల దగ్గర గీతలుంటాయి. అవి ఒక్కటే చాలవు. ఎక్స్‌రేలో సరిగ్గా ఉందని తేలిన రోజే, గొట్టం ముక్కులోంచి బయటికొచ్చే చోట మార్కర్‌తో చుట్టూ గీత గీయండి. ముక్కు నుంచి మూత దాకా బయట ఎంత పొడవుందో టేపుతో కొలిచి మంచం పక్క గోడ మీద రాయండి. నోట్‌బుక్‌లో రాస్తే రాత్రి డ్యూటీ అమ్మాయికి ఆ పుస్తకం దొరకదు. గీత ముక్కు అంచు మీదే ఉండాలి. వేలెడు బయటికొచ్చినా సరే, ఫీడ్ వద్దు. వెనక్కి తోయడం అసలే వద్దు. ప్లాస్టర్ ముక్కు మీదే వేయాలి, ఒక కొస చీల్చి గొట్టానికి చుట్టి. చెంప మీద మాత్రమే వేస్తే గొట్టానికి ముక్కు దగ్గర ఆట ఉంటుంది, చూస్తుండగానే నాలుగు సెంటీమీటర్లు జారుతుంది. రోజూ ప్లాస్టర్ మార్చినప్పుడు గొట్టం ముక్కురంధ్రం అంచుని ఒరుసుకుంటోందేమో కూడా చూడండి, అక్కడ పుండ్లు పడతాయి.

రెండోది నోరు. టార్చి వేసి నాలుక వెనక దాకా చూడండి. గొట్టం గొంతు వెనక నిటారుగా ఒకే గీతలా దిగుతూ ఉండాలి. వాంతి అయ్యాక కొస పైకొచ్చి నోట్లో చుట్టుకుని కూర్చుంటుంది, బయట గీత మాత్రం కదలదు. గీత ఒక్కటే చూసి పోసేవాళ్ళు దొరికిపోయేది ఇక్కడే.

మూడోది రసం. గొట్టాన్ని మడిచి పట్టుకుని మూత తీయండి, లేకపోతే లోపలికి గాలి పోతుంది. సిరంజి తగిలించి పిస్టన్ నెమ్మదిగా వెనక్కి లాగండి. రెండు చుక్కలొచ్చినా చాలు. కడుపు రసం గడ్డిరంగులోనో, తేటగానో, విరిగిన పాలలాగో ఉంటుంది. నల్లగా, కాఫీ పొడి కలిపినట్టుగా వచ్చినా, ఎర్రగా వచ్చినా అది రక్తం కావచ్చు, ఫీడ్ ఆపి డాక్టరుకు చెప్పాలి. రంగు చూసి సరిపెట్టకండి. చుక్కని పీహెచ్ స్ట్రిప్ మీద వేయండి. 5.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఆమ్లం ఉన్నట్టు, అంటే ఊపిరితిత్తుల్లోది కాదన్నమాట. అర పాయింటు తేడా కూడా చూపే స్ట్రిప్పులే కొనండి. స్కూల్ ల్యాబుల్లో ఉండే నీలం లిట్మస్ కాగితం ఎర్రబడిందని సంబరపడితే లాభం లేదు, ఎంత ఆమ్లమో అది చెప్పలేదు. ముందు ఫీడ్ అయ్యాక కనీసం గంట గడిచాకే పరీక్షించాలి, పాలు ఉండగా చూస్తే అంకె పైకే చూపిస్తుంది.

ఒక చిక్కుంది. మన దగ్గర ఆసుపత్రి నుంచి వచ్చిన ప్రతి చీటీలో గ్యాస్ బిళ్ళ, అంటే పాంటాప్రజోల్ లాంటిది, ఉంటుంది. అది ఆమ్లాన్ని తగ్గిస్తుంది కాబట్టి కొస కడుపులోనే ఉన్నా 6 చూపించవచ్చు. అలాంటి పేషెంటుకి రోజూ ఏ అంకె వస్తోందో గోడ మీద రాసుకుంటూ రండి, ఎంత దాకా ఫర్వాలేదో డాక్టరుతో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఎక్స్‌రేయే గతి.

రసం రాకపోతే? చాలాసార్లు రాదు. కొస కడుపు గోడకి అతుక్కుని ఉంటుంది. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి పావుగంట ఆగి మళ్ళీ లాగండి. అప్పుడూ రాకపోతే సిరంజితో 10, 20 మి.లీ. గాలి పంపితే గోడని వదులుతుంది, వెంటనే లాగండి. అప్పుడూ రాకపోతే ఫీడ్ లేదు, నర్సుకి ఫోన్. ఒక పూట ఫీడ్ ఆగితే వచ్చే నష్టం సర్దుకునేదే.

ఆ గాలి కొస గోడని వదలడానికి మాత్రమే, వినడానికి కాదు. స్టెతస్కోప్ పొట్ట మీద పెట్టి, గాలి కొట్టి, బుడబుడమని వినిపించగానే "ఓకే, కడుపులోనే ఉంది" అనడం మన వార్డుల్లో తరతరాలుగా వస్తున్న అలవాటు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. కడుపుకీ ఎడమ ఊపిరితిత్తి అడుగుకీ మధ్య ఉన్నది డయాఫ్రం అనే పల్చటి కండర పొర ఒక్కటే. కొస ఊపిరితిత్తిలో ఉన్నా, అన్నవాహికలో ఆగినా, అదే చప్పుడు పొట్ట మీద వినిపిస్తుంది. బ్రిటన్‌లో పేషెంట్ల భద్రత చూసే జాతీయ సంస్థ 2005లోనే ఈ పద్ధతిని నమ్మొద్దని హెచ్చరిక జారీచేసింది. గొట్టం కొసని నీళ్ళ గ్లాసులో ముంచి బుడగలు చూడటం కూడా ఆ చిట్టాలోనే ఉంది. కడుపులోనూ గ్యాస్ ఉంటుంది, బుడగ వస్తుంది. ఊపిరితిత్తిలో కొస గోడకి ఆనుకుంటే బుడగ రాదు. అటూ మోసమే, ఇటూ మోసమే. "ముందు కాసిని నీళ్ళు పోసి చూద్దాం, దగ్గకపోతే పాలు పోద్దాం" అనేది మూడో రకం. దగ్గలేని మనిషికి దగ్గు పరీక్ష పెట్టడం ఏమిటి?

వార్డులో పనిచేసే పిల్లలకి ఒక మాట. చార్టులో "పొజిషన్ చెక్డ్" అని రాయకండి. గుర్తు ఎంత, పీహెచ్ ఎంత, అంకెలు రాయండి. అంకె రాయాలంటే చూడక తప్పదు కాబట్టి.

పోయడం

మూడూ సరిపోయాయా, ఇక తేలిక. ముందుగా లాగినప్పుడు పాత ఫీడ్ ఎంత వస్తోందో గమనించండి. 200 మి.లీ. దాకా మిగిలే ఉంటే అరగలేదన్నమాట, ఈ ఫీడ్ ఆపి డాక్టరుని అడగండి. బాగానే ఉంటే తీసింది తిరిగి లోపలికి పంపేయాలి, పారబోయకూడదు.

గొట్టం మడిచి పట్టుకుని, పిస్టన్ తీసేసిన సిరంజి తగిలించండి. 30 మి.లీ. నీళ్ళు పోసి మడత వదలండి. తర్వాత ఫీడ్, సిరంజి పొట్ట పైన మూరెడు ఎత్తులో ఉంటే చాలు, దానంతటదే దిగుతుంది. 200 మి.లీ. దిగడానికి పావుగంట నుంచి 20 నిమిషాలు పట్టాలి. తొందరగా దిగితే సిరంజి కొంచెం కిందికి దించండి. సిరంజి పూర్తిగా ఖాళీ కాకముందే మళ్ళీ పోయండి, గాలి పోతే పొట్ట ఉబ్బుతుంది. పిస్టన్‌తో తోసేవాళ్ళు టైం లేదంటారు. తోసిన పాలు కడుపులోకి ఎంత స్పీడుగా పోతాయో అంతే స్పీడుగా వాంతిలో పైకొస్తాయి, తర్వాత దుప్పటి ఉతకడానికి టైం ఎలాగూ పెట్టాల్సిందే. చివర మళ్ళీ 30 మి.లీ. నీళ్ళు, మడత, మూత. మధ్యలో దగ్గు, ఆయాసం, పెదాలు నీలమవడం, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే ఆక్సీమీటరులో అంకె పడిపోవడం ఏది కనిపించినా గొట్టం మడిచి, సిరంజి తీసేసి, వెంటనే సాయం పిలవండి.

అయ్యాక అరగంట నుంచి గంట దాకా అలాగే ఆనించి ఉంచండి. "పాపం నడుం నొప్పెడుతోందంటున్నారు" అని పది నిమిషాలకే పడుకోబెట్టే అత్తయ్యగార్లకి నేను గట్టిగానే చెబుతాను.

బిళ్ళలు

ఫీడ్‌లో కలపకూడదు. ఒక్కో బిళ్ళ విడిగా మెత్తగా నూరి, నీళ్ళలో కలిపి, బిళ్ళకీ బిళ్ళకీ మధ్య 15 మి.లీ. నీళ్ళు పోస్తూ ఇవ్వండి. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్, సీఆర్ అని ఉన్నవీ (మందుని నెమ్మదిగా వదిలేవి), పాంటాప్రజోల్ లాంటి పైపూత ఉన్న బిళ్ళలూ నూరకూడదు. వాటికి బదులు ఏం రాస్తారో డాక్టరునే అడగండి. ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్ ఫీడ్‌తో కలిస్తే ఒంటికి సరిగా పట్టదు, ముందూ వెనకా ఎంత గ్యాప్ ఇవ్వాలో రాయించుకోండి.

మూసుకుపోతే

50 మి.లీ. సిరంజితో గోరువెచ్చని నీళ్ళు కాస్త తోసి, కాస్త లాగి, ఓపిగ్గా చేయండి. గుర్తు, నోరు సరిగ్గా ఉంటేనే. చిన్న సిరంజి వాడితే ఒత్తిడి పెరిగి గొట్టం చిట్లుతుంది. తీగలు, చీపురు పుల్లలు దూర్చకండి. కూల్‌డ్రింక్ పోస్తే కరుగుతుందని ఎవరు మొదలుపెట్టారో గానీ, అందులోని ఆమ్లానికి గొట్టంలోని పాలు విరిగి ఇంకా గట్టిపడతాయి. అరగంటలో తెరుచుకోకపోతే గొట్టం మార్చాల్సిందే.

నోటితో తినడం లేదు కదా అని నోరు కడగడం మానేయకండి, రోజుకి రెండుసార్లు తడి గాజుగుడ్డతో చిగుళ్ళు, నాలుక తుడవాలి. గొట్టం వేసిన తేదీ కూడా గోడ మీద, పొడవు పక్కనే రాయండి. మామూలు ప్లాస్టిక్ గొట్టం రోజులు గడిచేకొద్దీ గట్టిబడుతుంది, సిలికాన్‌దీ పాలీయురేథేన్‌దీ ఎక్కువ వారాలు వస్తాయి. మీకు వేసింది ఏ రకమో, ఎప్పుడు మార్చాలో డిశ్చార్జ్ రోజే అడిగి రాయించుకుంటే తర్వాత ఫోన్లు చేయక్కర్లేదు.