అద్దె ఇల్లు ఎవరు మాట్లాడారు? దేశం వదిలిన రచయితల్ని జంటగా చదివే పద్ధతి

మా ఊరి శాఖా గ్రంథాలయం మేడ మీద గదిలో నెలకో ఆదివారం పది పదిహేను మందిమి కూర్చుని పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. నేను కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను కాబట్టి విదేశీ రచయితల వంతు సాధారణంగా నాకే వస్తుంది. నాలుగేళ్ల కిందట స్పెయిన్ కవి హువాన్ రామోన్ హిమెనెజ్ గురించి నలభై నిమిషాలు మాట్లాడాను. 1936లో అంతర్యుద్ధం మొదలైన కొద్ది వారాలకే దేశం విడిచాడని, బతికుండగా మళ్లీ సొంత ఊరు చూడలేదని, 1956లో నోబెల్ వచ్చిందని చెప్పాను. ఇంగ్లీషు చదవగలిగినా, అమెరికాలో అన్నేళ్లున్నా అందులో మాట్లాడటానికి ఇష్టపడలేదని కూడా చెప్పాను. భార్య సెనోబియా గురించి మాత్రం ఒక్క వాక్యం: "చివరిదాకా తోడుగా ఉంది."

వెనక బెంచీలోంచి ఒకావిడ లేచింది. భర్త ఉద్యోగం కోసం పదకొండేళ్లు కువైట్‌లో ఉండి వచ్చిన మనిషి. "మేడమ్, ఆయన ఇంగ్లీషు మాట్లాడడన్నారు కదా, మరి అక్కడ అద్దె ఇల్లు ఎవరు మాట్లాడారు?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. అది వదిలేసి నలభై నిమిషాలు మాట్లాడానన్న బాధ చాలా రోజులు ఉంది. అప్పటినుంచి ఇలాంటి రచయిత ఎవరైనా వస్తే ఒక పద్ధతి ప్రకారం తయారవుతున్నాను. మీ ఊళ్లో కూడా పుస్తకాల బృందం ఉంటే పనికొస్తుందని ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఎవరిని ఎంచుకోవాలో చూసుకోండి. ప్రవాసం అనగానే మనకి అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు గుర్తొస్తారు. వాళ్లకి సెలవు దొరికితే టికెట్ కొనుక్కుని ఇంటికి రావచ్చు. ఇక్కడ నేను చెప్పేది వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయినవాళ్ల గురించి. వెళితే జైలో, చావో, లేదంటే నోరు మూసుకుని బతకడమో అయినవాళ్లు. ఈ రెండింటినీ కలిపేస్తే చర్చ మొత్తం పక్కదారి పడుతుంది. మా దగ్గర ఒకసారి అలాగే జరిగి, వీసాల కష్టాలతో సాయంత్రం అయిపోయింది.

తర్వాత ఒక రూళ్ల నోటుబుక్కు తీసుకుని పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు రచయిత, కుడివైపు భార్య లేదా భర్త. ఏడాది వారీగా రాసుకుంటూ రండి. నియమం ఒక్కటే: ఎడమవైపు మనిషి పుస్తకాలు, బహుమతులు కుడివైపు రాయకూడదు. అక్కడ ఆ రెండో మనిషి చేసిన పనే ఉండాలి. మొదట్లో కుడివైపు బోసిగా కనిపిస్తుంది. కంగారు పడకండి, వెతికితే నిండుతుంది.

సెనోబియా కంప్రుబి విషయంలో నాకు నిండిన తీరు చూడండి. 1887లో స్పెయిన్‌లో పుట్టింది. తల్లిది స్పానిష్ మాట్లాడే కరీబియన్ దీవి ప్యూర్టో రికో, ఆ వైపు నుంచి అమెరికా బంధుత్వాలు ఉన్నాయి. అందుకే చిన్నప్పటినుంచి ఇంట్లో ఇంగ్లీషు ఉంది. యవ్వనంలో కొన్నేళ్లు అమెరికాలో ఉంది. పెళ్లికి ముందే టాగోర్ తనే బెంగాలీ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చుకున్న చంద్రవంక కవితల్ని స్పానిష్‌లోకి తెచ్చింది, ఆ పుస్తకం 1915లో వచ్చింది. ఆవిడ ఇంగ్లీషు నుంచి స్పానిష్ చేసేది, ఆ స్పానిష్‌కి ఆయన కవిగా నునుపు పెట్టేవాడు. 1916 మార్చిలో న్యూయార్క్‌లో పెళ్లి చేసుకున్నారు. ఆ తర్వాత టాగోర్ పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి, ఇరవైకి పైగా ఇద్దరి చేతుల మీదుగా స్పానిష్‌లోకి వెళ్లాయి. మాడ్రిడ్‌లో ఆవిడ స్పెయిన్ జానపద చేతిపనుల దుకాణం నడిపింది, ఫ్లాట్లు తీసుకుని సామాను అమర్చి విదేశీయులకి అద్దెకిచ్చింది.

ఇదంతా రాసుకున్నాక కువైట్ ఆవిడ ప్రశ్నకి జవాబు దొరికింది. అద్దె ఇళ్లు మాట్లాడటం సెనోబియాకి మాడ్రిడ్‌లోనే వచ్చిన విద్య! దేశం విడిచేనాటికి రెండు భాషల మధ్య, రెండు ఖండాల మధ్య తిరగడం ఆవిడకి ఇరవై ఏళ్ల అలవాటు. మన టాగోర్ స్పానిష్ ఇళ్లలోకి వెళ్లింది ఆ దారినే. ఆ తర్వాత ఆయన అమెరికాలో బతకగలిగిందీ ఆ దారి ఉండబట్టే.

మూడో పని భాషల లెక్క. ఇంట్లో ఏ భాష, బజారులో ఏ భాష, రాతబల్ల దగ్గర ఏ భాష, ప్రచురణకర్తలతో ఏ భాష? ఈ నాలుగూ ఒక్కో జంటకి ఒక్కోలా ఉంటాయి, వాళ్లని వేరు చేసేదీ ఇదే. హిమెనెజ్‌కి స్పానిష్ వినపడకపోతే ఊపిరాడేది కాదు. 1948లో అర్జెంటీనాకి ఉపన్యాసాలివ్వడానికి వెళ్లి, చుట్టూ తన భాష వినగానే ఆ ప్రయాణంలోనే కొత్త కవితలు రాశాడు. ఆయనకి తరచూ పట్టుకునే దిగులు జబ్బు అమెరికాలో ముదిరితే, 1951 నాటికి ఇద్దరూ ప్యూర్టో రికోలో స్థిరపడ్డారు. అక్కడ డాక్టర్లూ స్పానిష్ మాట్లాడేవాళ్లే, వీధీ స్పానిష్షే. అది సెనోబియా తల్లి పుట్టిన నేల.

దేశం వదిలిన రష్యన్ నవలా రచయిత వ్లదీమిర్ నబొకోవ్ విషయం వేరు. ఆయన తనే భాష మార్చేశాడు. 1940లో అమెరికా చేరాక నవలలు ఇంగ్లీషులోనే రాశాడు. అయితే ఆయన కారు నడపడం నేర్చుకోలేదు. సీతాకోకచిలుకల కోసం అమెరికా అంతా తిరిగిన వేల మైళ్లూ స్టీరింగ్ పట్టింది భార్య వెరా. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆయన పాఠం చెబుతుంటే క్లాసులో కూర్చునేది, ఆయన పేరు మీద వచ్చే ఉత్తరాలకి జవాబులు రాసేది, టైపు చేసేది. ఆయన నవల లోలిటా రాతప్రతి మంటల్లోకి పోకుండా ఆపింది ఆవిడే. ఆయన పోయాక, ఇంగ్లీషులో రాసిన ఒక నవలని తనే రష్యన్‌లోకి తెచ్చింది, అది 1983లో వచ్చింది. భర్త వదిలివచ్చిన భాషకి ఆ పుస్తకాన్ని భార్య తిరిగి చేర్చింది. ఈ సంగతి చెప్పినప్పుడు మా గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

డబ్బు గురించి అడగడానికి మొహమాటపడకండి. 1940లలో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో సెనోబియా కూడా స్పానిష్ పాఠాలు చెప్పింది. ఆ క్లాసుల్లో కూర్చున్న అమెరికన్ పిల్లలకి స్పెయిన్ పరిచయమైంది కూడా సంస్కృతుల మార్పిడే. అది పుస్తకాల జాబితాలో కనపడదు, జీతాల రిజిస్టరులో కనపడుతుంది. రష్యన్ రచయిత సోల్జెనిత్సిన్‌ని 1974లో సోవియట్ దేశం వెళ్లగొట్టింది. 1976 నుంచి 1994 దాకా అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో కావెండిష్ అనే చిన్న ఊళ్లో ఉన్నారు. ఆయన సంపుటాలకి భార్య నతాలియా ఇంట్లోనే అక్షరాలు కూర్చి అచ్చుకి సిద్ధం చేసింది. సోవియట్ ఖైదీ శిబిరాల మీద ఆయన రాసిన గులాగ్ పుస్తకం రాయల్టీతో ఖైదీల కుటుంబాలకి సాయం చేసే నిధిని నడిపింది కూడా ఆవిడే.

ఇల్లు ఎలా ఉండేదో కూడా వెతకండి. జర్మన్ రచయిత లియాన్ ఫాయిష్ట్‌వాంగర్ బెర్లిన్ లైబ్రరీని నాజీలు లాక్కున్నారు, ఫ్రాన్సులో కూడబెట్టిన రెండోదీ పోయింది. 1940లో లియాన్, భార్య మార్తా కాలినడకన పిరెనీస్ కొండలు దాటి తప్పించుకున్నారు. లాస్ ఏంజలస్ దగ్గర సముద్రం కనిపించే ఇల్లు కొని మూడో లైబ్రరీ కట్టుకున్నారు, దాదాపు 30,000 పుస్తకాలు. దేశం వదిలిన జర్మన్ రచయితలు, సంగీతకారులు ఆ ఇంట్లో కలిసేవాళ్లు. ఆయన 1958లో పోయాడు, మార్తా 1987 దాకా ఉంది. ఆ పుస్తకాలని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి రాసిచ్చి, దాదాపు ముప్ఫై ఏళ్లు తనే వాటిని కాపాడింది. మనకి దగ్గరి విషయం ఇంకొకటి: ఈ లియానే 1916లో శూద్రకుడి మృచ్ఛకటికాన్ని జర్మన్ నాటకంగా మలిచాడు. మా బృందంలో ఇది చెప్పగానే అందరూ కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. ఇలాంటి కొక్కెం ఒకటి దొరికితే మొదటి పది నిమిషాల్లోనే చెప్పేయండి.

ఇద్దరూ రాసేవాళ్లయితే ఇంకా జాగ్రత్త కావాలి. దేశం వదిలిన స్పెయిన్ కవి రఫాయెల్ అల్బెర్తి పేరు విన్నవాళ్లుంటారు. ఆయన భార్య మరియా తెరేసా లియోన్ సొంతంగా రచయిత్రి, స్పెయిన్ అంతర్యుద్ధంలో మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం చిత్రాల తరలింపులో పనిచేసింది, ప్రవాసం గురించి 1970లో తన జ్ఞాపకాలు ప్రచురించింది. కుడివైపు గడి అంత నిండుగా ఉన్నా చాలామంది ఆవిడని ఆయన భార్యగానే పరిచయం చేస్తారు.

ఇక మీరు చేయకూడనిది: భార్యని దేవతని చేయడం. మొదటి తప్పు దిద్దుకునే ఆత్రంలో నేనూ అదే చేశాను. సెనోబియా డైరీలు అచ్చయ్యాయి. అందులో విసుగుంది, ఆయన జబ్బు భయాలతో అలసట ఉంది, తన సమయం తనకి మిగలడం లేదన్న బాధ ఉంది. వాటిని దాచి "త్యాగమూర్తి" అంటే ఆవిడ రాసుకున్న మాటని మనమే కొట్టేసినట్టు. ఆధారం లేని చోట గడి ఖాళీగా వదిలేయండి. నబొకోవ్ వెరాకి రాసిన ఉత్తరాలు పుస్తకంగా ఉన్నాయి, వెరా తను రాసినవి నాశనం చేసింది. అక్కడ ఆవిడ మనసులో ఏముందో ఊహించి చెప్పే హక్కు మనకి లేదు.

సమావేశం రోజు ఉపన్యాసం ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. రెండు గడుల కాగితం అందరికీ జెరాక్స్ తీసి ఇవ్వండి. తర్వాత ఒక చిన్న భాగం పైకి చదివించండి. మేం టాగోర్ తోటమాలి సంపుటిలో 30వ కవిత, చిలీ కవి పాబ్లో నెరూడా 1924 ప్రేమకవితల్లో 16వది పక్కపక్కన చదివాం. నెరూడాది దానికి అనుసరణే. బెంగాలీలో పుట్టి, ఇంగ్లీషు మీదుగా స్పానిష్‌కి, అక్కడి నుంచి చిలీ కుర్రాడి పుస్తకంలోకి వెళ్లిన కవిత అది. మధ్యలో టాగోర్‌ని స్పానిష్‌లోకి మోసిన చేతులు ఎవరివో అప్పుడు ఎవరూ నన్ను అడగాల్సిన పని లేకపోయింది.

చివర్లో నేను సెనోబియా ఆఖరి రోజులు చెప్పాను. 1951లో బోస్టన్‌లో క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఆ తర్వాత కూడా వాళ్ల పుస్తకాలు, కాగితాలు ప్యూర్టో రికో విశ్వవిద్యాలయంలో ఒక గదిగా అమర్చే పని ఆపలేదు. ఇప్పుడు ఆ గదికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి, మొదటి పేరు ఆవిడది. 1956 అక్టోబరు 25న నోబెల్ ప్రకటించారు, 28న ఆవిడ కన్నుమూసింది. హిమెనెజ్ స్టాక్‌హోమ్ వెళ్లలేదు. ఆయన తరఫున విశ్వవిద్యాలయం రెక్టార్ చదివిన సందేశంలో ఈ బహుమతికి అసలు విజేత నా భార్యే అని ఉంది.

కువైట్ ఆవిడ ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. వచ్చే నెల మార్తా గురించి తనే చెబుతానంది. రూళ్ల నోటుబుక్కు కొనుక్కోమన్నాను.