ముందు ఫోటోను వెనక్కి తిప్పండి

మ్యూజియంలో ఫోటోగ్రఫీ క్యూరేటర్, అంటే ఫోటోల సంగ్రహం బాధ్యత చూసే వ్యక్తి, కావాలంటే ఏం చదవాలి అని అడుగుతూ నాకు ఉత్తరాలు వస్తుంటాయి. చదువు సంగతి చివర్లో చెబుతాను. ముందు మీ ఇంటి అటక మీద ఉన్న రేకు పెట్టె దించండి. అందులోంచి అన్నిటికన్నా పాత ఫోటో ఒకటి తీసి, నెల రోజులు దానితో కూర్చోండి. వారానికే విసుగు పుడితే ఈ వృత్తి మీకు పడదు. కనీసం ఫీజు డబ్బులైనా మిగులుతాయి.

నేను పెరిగింది తెనాలిలో, మా నాన్నగారి స్టూడియోలో. ఆయన నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో పెళ్లికూతుళ్ల ముఖాల మీది మశూచి మచ్చలు మాయం చేసేవారు. అందుకే ఫోటో అబద్ధం చెప్పదనే మాట నేనెప్పుడూ నమ్మలేదు. తర్వాత హైదరాబాదులో ఒక మ్యూజియంలో ఇరవై రెండేళ్లు ఫోటోల విభాగం చూసుకున్నాను.

చేతులు సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకోండి. బల్ల మీద తెల్ల కాగితం పరవండి. సినిమాల్లో చూపించే నూలు చేతితొడుగులు వద్దు, గాజు నెగెటివ్ వాటిలోంచి జారుతుంది. ఇప్పుడు ఫోటోను వెనక్కి తిప్పండి. స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత, అంకె, ఏది కనిపిస్తే అది అక్షరం పొల్లుపోకుండా పుస్తకంలో ఎక్కించండి. తప్పులుంటే తప్పులతోనే. మీరు ఫోటో మీద ఏమైనా రాయవలసి వస్తే మెత్తటి పెన్సిల్‌తో, వెనుక అంచున, నొక్కకుండా రాయండి. బాల్‌పెన్నుతో రాస్తే అచ్చు ముందువైపు ముఖం మీద తేలుతుంది.

తర్వాత భూతద్దం. బొమ్మ కింద కాగితం పీచు కనబడుతోందా? రంగు ఊదాకూ గోధుమకూ మధ్య ఉండి, తెల్లగా ఉండవలసిన చోట్లు పసుపు తిరిగాయా? అయితే అది గుడ్డు తెల్లసొనతో చేసిన ఆల్బుమెన్ ప్రింటు కావచ్చు. 1850లో వచ్చిన ఈ పద్ధతి దాదాపు ఆ శతాబ్దం చివరి వరకు రాజ్యమేలింది. పీచు కనబడకుండా బొమ్మ కింద నున్నటి తెల్లపూత ఉండి, నల్లటి భాగాల్లో అంచుల వెంట నీలంగా అద్దంలా మెరుపు కొడితే జెలటిన్ ప్రింటు. మన ఇళ్లలోని నలుపు తెలుపు ఫోటోలు చాలా వరకు ఇవే. ఆల్బుమెన్ కాగితం పల్చన, చుట్టుకుపోతుంది. అందుకే అట్టకు అతికించేవారు. అరచేతిలో ఇమిడే చిన్న అట్ట 1854లో ఫ్రాన్సులో పేటెంటు పొందిన కార్ట్ ద విజిట్. దాదాపు పదకొండు సెంటీమీటర్ల వెడల్పు, పదహారున్నర ఎత్తు ఉంటే 1860ల్లో మొదలైన క్యాబినెట్ కార్డు. కాని అట్టను బట్టి తేదీ తేల్చేయకండి. స్టూడియోవాళ్లు కొన్న అట్టలు అయిపోయేదాకా వాడతారు. మా నాన్నగారి బీరువాలో పాత చిరునామా అచ్చయిన అట్టలు ఇల్లు మారిన పదేళ్ల తర్వాత కూడా ఖర్చవుతూనే ఉండేవి.

తేదీకి బొమ్మలోనే వెతకాలి. చార్మినార్ మీద గడియారాలు లేకపోతే ఆ ఫోటో 1889కి ముందుది, ఎందుకంటే వాటిని ఆ ఏడాదే పెట్టారు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన పూర్తిగా నిలబడి కనిపిస్తే 1900కు ముందుది కాదు. మూసీ ఒడ్డున ఇళ్లు కూలి, మొండి గోడలు మిగిలి ఉంటే 1908 సెప్టెంబరు వరద గుర్తుకు రావాలి. అంటే మీకు దొరికేది సరిగ్గా ఫలానా తేదీ కాదు, రెండు గట్లు మాత్రమే. ఆ రెంటి మధ్య ఎంత దూరం ఉంటే అంతా నిజాయితీగా రాయండి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఒక ఫోటో వెనుక ఇంగ్లీషులో హుస్సేన్ సాగర్ అని రాసి ఉంది. నీళ్లు, కట్ట, దూరంగా చెట్లు. అదే నమ్మి ప్రదర్శనలో పెద్ద అక్షరాలతో పేరు పెట్టాను. రెండో రోజు ఒక పెద్దాయన చేతికర్ర ఊతంగా వచ్చి, ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డారు. "బేటీ, ఈ కట్టకు వంపులున్నాయి, చూశావా?" అన్నారు. చూస్తే నిజమే. కమానుల వరుసలాంటి ఆ వంపుల కట్ట మీర్ ఆలం చెరువుది. దానికి అలాంటివి ఇరవై ఒకటి ఉన్నాయి. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు ఎవరికైనా తెలిసే సంగతే. సాయంత్రానికి చీటీ మార్చాం. అప్పటి నుంచి నా కేటలాగులో రెండు గడులు వేరుగా ఉంటాయి: ‘వెనుక రాత ప్రకారం’, ‘మా పరిశీలన ప్రకారం’. మీరూ అలాగే పెట్టుకోండి. వెనుక రాత సాక్ష్యమే, తీర్పు కాదు.

ఒక్క ఫోటోతో చేయి తిరిగాక ఒక స్టూడియోను పట్టుకోండి. హైదరాబాదు వాళ్లకు లాలా దీన్ దయాళ్ కన్నా మంచి బడి లేదు. సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగం చేసి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఛాయాచిత్రకారుడైనవాడు. ఆయన నెగెటివ్‌ల మీద వేసిన అంకెలు, పేర్లు చాలా ప్రింట్ల అడుగున తెల్లగా కనిపిస్తాయి. వేరువేరు సంగ్రహాల్లో చెదిరిపోయిన ప్రింట్లు ఒకే గాజు నెగెటివ్ నుంచి వచ్చినవని కలపడానికి ఆ అంకె దారం లాంటిది. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 కొన్నది. 1892లో ఆయన పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు ఆవిడకు అప్పగించాడు. చరిత్రకారుడి పని అక్కడ మొదలవుతుంది: ఆ గదిలో తీసిన ఫోటోలను తర్వాత చూసే హక్కు ఎవరిది? డబ్బు ఎవరిచ్చారు? దర్బారు బొమ్మల్లో విసనకర్ర పట్టుకున్నవాడి పేరు ఎవరూ ఎందుకు రాయలేదు?

ఇళ్ల నుంచి వచ్చే ఫోటోల విషయంలో ఒక మాట. పోయిన వాళ్ల ఫోటోకు అద్దం మీద బొట్టు పెడతాం, దండ వేస్తాం. కొత్తగా చేరిన పిల్లలు ఆ కుంకుమ మరకను దుమ్మనుకుని తుడిచేయబోతారు. తుడవద్దు! ఆ ఇంట్లో ఆ ఫోటో ఎలా బతికిందో చెప్పేది ఆ మరకే. ముందు ఉన్నదున్నట్టు ఫోటో తీసుకోండి. ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంటే పీకవద్దు, అద్దంతో సహా స్కాన్ చేయండి.

దాచడం గురించి క్లుప్తంగా: ఆమ్లం లేని కాగితపు కవర్లు, ఇనుప బీరువా, చల్లటి పొడి గది. బంకతో అంటించే ఆల్బమ్‌లు, సెల్లోటేపు, రబ్బరు బ్యాండ్లు దగ్గరికి రానీయకండి. నెగెటివ్‌ల డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన కొట్టిందంటే ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము కుళ్లుతోందని అర్థం; వాటిని వెంటనే వేరు చేసి, ముందుగా స్కాన్ చేయించండి. ప్రదర్శనలో పాత ప్రింట్ల మీద వెలుతురు 50 లక్సులు మించనీయకండి. చీకటిగా ఉందని మంత్రిగారు విసుక్కున్నా సరే.

ఇక చదువు. చరిత్రలో గాని కళాచరిత్రలో గాని పీజీ, ఆ పైన మ్యూజియాలజీ. బరోడా, కలకత్తా విశ్వవిద్యాలయాల్లో ఆ విభాగాలు పాతవి. హైదరాబాదు సంగ్రహాల మీద పని చేయాలనుకుంటే ఉర్దూ లిపి నేర్చుకోండి, ఆరు నెలల శ్రమ. డిగ్రీ ఒకటి తక్కువైందని బెంగపడకండి. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో 1940లో ఫోటోగ్రఫీ విభాగం పెట్టినప్పుడు దాని మొదటి క్యూరేటర్ బోమంట్ న్యూహాల్. ఆయన అంతకుముందు అక్కడే లైబ్రేరియన్.

మన దగ్గర క్యూరేటర్ అనే పేరుతో ఉద్యోగాలు చాలా తక్కువ. డాక్యుమెంటేషన్ సహాయకుడు, ఆర్కైవు సహాయకురాలు అనే పేర్లతో వచ్చే ప్రకటనలు చూడండి. ఇంటర్వ్యూకు మీరు స్వయంగా రాసిన పది కేటలాగు పుటలు పట్టుకెళ్లండి, మీ ఇంటి ఫోటోలవే అయినా పర్లేదు. వాటిలో రెండు మూడు చోట్ల ‘తెలియదు’ అని రాసి ఉంటే నాలాంటి వాళ్లకు నచ్చుతుంది. చేరాక మొదటి ఏడాది కవర్ల మీద నంబర్లు వేయడమే పని. నేను ఏడాదంతా అదే చేశాను, కుడిచేతి మధ్యవేలి మీద ఆ పెన్సిల్ కాయ ఇంకా ఉంది.