ఫ్రిజ్ లేకుండా ఇంట్లో బీర్: ఈస్ట్ మార్చాక కుదిరింది (నా అనుభవం)

ఎండల్లో ఫ్రిజ్ లేకుండా ఇంట్లో బీర్ ఎలా చెయ్యాలని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. ఎండాకాలంలో నేను చేసిన ప్రతి పేల్ ఏల్‌కీ (లేత రంగు బీర్) నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన, తాగితే గొంతు మంట. తడి టవల్, ఐస్ బాటిళ్లు, ఫ్యాను, ఈస్ట్ ఎక్కువ వెయ్యడం, అన్నీ అయ్యాయి, లాభం లేదు.

పనిచేసింది ఇది. ముందు గది టెంపరేచర్ చూడ్డం మానేసి స్ట్రిప్ థర్మామీటర్‌ని ఫర్మెంటర్‌కే (బీర్ పులిసే డబ్బా) అంటించా, గది 29 డిగ్రీలుంటే లోపల 33 దాకా పోతోంది, పులిసేటప్పుడు ఈస్టే వేడి పుట్టిస్తుంది కదా. అప్పుడు చల్లబరిచే ప్రయత్నం వదిలేసి ఆ వేడికి నప్పే ఈస్ట్ వెతికా. దొరికింది నార్వే పల్లెల్లో వాడే క్వైక్ అనే ఈస్ట్, అందులో వోస్ రకం. వోర్ట్ (పులియబెట్టడానికి మరిగించిన మాల్ట్ రసం) 35 డిగ్రీలకి దిగగానే చల్లార్చడం ఆపేసి, ఈస్ట్ వేసి, కాస్త న్యూట్రియెంట్ (ఈస్ట్‌కి పోషకాలు) కలిపి, దుప్పటి చుట్టి పెట్టేశా, అవును, దుప్పటే. నాలుగో రోజుకి గ్రావిటీ (బీర్ సాంద్రత, చక్కెర తరిగేకొద్దీ తగ్గుతుంది) 1.012 దగ్గర ఆగింది, ఇంకో రెండ్రోజులు చూశా, కదల్లేదు, అప్పుడే బాటిల్ చేశా. మంట లేదు, కమలా తొక్క వాసన, ఎంత సంతోషమేసిందో.

సేజాన్ (బెల్జియం బీర్ రకం) ఈస్ట్ కూడా వేడిని తట్టుకుంటుంది, కానీ ఆ ఈస్ట్‌లు చాలావరకు డయాస్టాటికస్ రకం, మామూలు ఈస్ట్ వదిలేసే చక్కెరల్ని కూడా మెల్లగా తింటూనే ఉంటాయి, తొందరపడి బాటిల్ చేస్తే గ్యాస్ పెరిగి సీసాలు పగిలిపోతాయి.

నాకు కుదిరింది మూడు బ్యాచ్‌లే, మూడూ లేత రంగువే. స్టౌట్ (నల్లటి బీర్) చెయ్యలేదు. రాత్రిళ్లు బాగా చల్లబడే చోట క్వైక్ మందగిస్తుంది, అక్కడ ఈ పద్ధతి పనిచెయ్యకపోవచ్చు.